ఒక ముద్ర, వేల ప్రాణాలు

పిల్లలను పైచదువులకు విదేశాలకు పంపే తల్లిదండ్రులకు వీసా ముద్ర విలువ బాగా తెలుసు. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ఆ ముద్ర మీద వేలమంది ప్రాణాలు ఆధారపడ్డాయి. ముద్ర ఓ చిన్న దేశానిది, పోర్చుగల్‌ది. వేసింది ఆ దేశ కాన్సుల్ అరిస్టిడెస్ డి సౌసా మెండెస్.

ఆయన 1885లో పోర్చుగల్‌లోని ఓ పల్లెలో పుట్టారు. కవల సోదరుడు సీజర్‌తో కలిసి కోయింబ్రాలో న్యాయశాస్త్రం చదివారు. ఇద్దరూ విదేశాంగ ఉద్యోగాల్లో చేరారు. అరిస్టిడెస్ జాంజిబార్, బ్రెజిల్, అమెరికా, బెల్జియంలలో పనిచేసి 1938లో బోర్డో చేరారు. భార్య ఏంజెలీనా, పద్నాలుగు మంది పిల్లలు. పెద్ద సంసారానికి ఆయన జీతమే ఆధారం.

కాన్సులేట్ అంటే మరో నగరంలో రాయబార కార్యాలయం తరఫున పనిచేసే ఆఫీసు. పాస్‌పోర్టులు, వీసాలు, వ్యాపార పత్రాలు చూసుకోవడం, తమ దేశస్థులకు సాయపడటం దాని రోజువారీ పని. యుద్ధం రాగానే ఆ చిన్న ఆఫీసే పెద్ద ద్వారమైంది. పోర్చుగల్ తటస్థ దేశం. అమెరికా వెళ్లే ఓడలు లిస్బన్ నుంచి కదిలేవి. మధ్యలో స్పెయిన్ దాటాలంటే చేతిలో పోర్చుగల్ వీసా ఉండాలి. అయితే యూదులకు, ఏ దేశ పౌరసత్వమూ లేనివారికి ముందస్తు అనుమతి లేకుండా వీసా ఇవ్వొద్దని సలజార్ ప్రభుత్వం 1939 నవంబరులోనే ఆదేశించింది.

జూన్ 14న పారిస్ జర్మనీ చేతికి చిక్కింది. శరణార్థులతో బోర్డో నిండిపోయింది. వారిలో ఒకరైన రబ్బీ క్రూగర్‌కు కుటుంబంతో సహా వీసా ఇప్పిస్తానని మెండెస్ చెప్పారు. మిగతావారిని వదిలి తాను వెళ్లనని క్రూగర్ తిరస్కరించారు. మెండెస్ కొన్ని రోజులు మంచం పట్టారు. లేచాక, అడిగిన వారందరికీ జాతి, మతం చూడకుండా వీసాలు ఇవ్వడం మొదలుపెట్టారు. బయోన్‌లోనూ అదే చేయించారు. వేలమంది సరిహద్దు దాటారు.

లిస్బన్ ఆయన్ను వెనక్కి పిలిపించి విచారణ జరిపింది. ఏడాది సగం జీతం, ఆపై బలవంతపు పదవీ విరమణ విధించింది. కుటుంబం అప్పుల్లో కూరుకుపోయింది. లిస్బన్‌లో శరణార్థుల కోసం యూదు సంఘం నడిపిన భోజనశాలలోనే ఆయన కుటుంబం తినాల్సి వచ్చింది. పిల్లలు చాలామంది ఇతర దేశాలకు వెళ్లిపోయారు. 1954లో ఆయన పేదరికంలోనే కన్నుమూశారు.

1966లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ ఆయన్ను గౌరవించింది. 1988లో పోర్చుగల్ పార్లమెంటు ఆయనపై అభియోగాలను కొట్టివేసింది.

దేశం చిన్నదైనా విదేశంలో దాని కార్యాలయం చేసే పని చిన్నది కాదని ఈ జీవితం చెబుతుంది. ఈ నెల ఇంట్లో పిల్లలతో ఒక ప్రశ్న చర్చించండి: తన పిల్లల భవిష్యత్తు ఒకవైపు, గుమ్మం ముందు నిలబడ్డ పరాయి పిల్లల ప్రాణాలు మరోవైపు ఉన్నప్పుడు ఒక తండ్రి ఏం చేయాలి? సమాధానం తేలిక కాదు. అందుకే అడగాలి.