కొండలు దాటి వచ్చిన గ్రోవ్స్ దొర

రాజోలు నుండి అమలాపురము వరకు నడిచిపోవువానికి కొబ్బరి నీడ తప్పదు, కాలువ నీరు తప్పదు. మన సీమలో పుట్టిన పిల్లవాడు కొండను చూడవలెనన్న గోదావరి వెంట ఎగువకు పోవలెను. అట్టి మనకు, చెట్టు లేని కొండల వరుసలలో దినముల తరబడి సాగు ప్రయాణము ఊహకందుట కష్టము. అయినను నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములకు, అటుపిమ్మట మన లంకలకు సువార్త వచ్చిన త్రోవను వెనుకకు వెదకుచు పోయినయెడల, అది అట్టి కొండలలోనికే పోవుచున్నది. కాబట్టి ఈ నెల ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ దొరగారిని గూర్చి వ్రాయుచున్నాము.

ఆయన 1795లో ఇంగ్లండులోని హాంప్‌షైరులో జన్మించెను. దంతవైద్యుడై ఎక్సెటర్ పట్టణములో సంవత్సరమునకు 1,500 పౌనులు సంపాదించుచుండెను. ఆ దినములలో అది చిన్న రాబడి కాదు. మిషనెరీగా పోవలెనని ఆయన మనస్సు ఎంత తొందరపడినను భార్యయగు మేరీ దొరసానిగారు ఏండ్ల తరబడి ఒప్పుకొనలేదు. ఆయన కనిపెట్టెను, తుదకు ఆమె మనస్సును తిరిగెను. విశ్వాసి ధనము కూడబెట్టుకొనరాదని 1825లో ఒక చిన్న పుస్తకము వ్రాసి, తాను వ్రాసినట్లే వృత్తిని విడిచెను. ఏ సొసైటీయు ఆయనకు జీతము కట్టలేదు.

1829 జూన్ 12న వారు ఓడ యెక్కిరి. దొరగారు, దొరసానిగారు, ఆయన సహోదరి లిడియా, హెన్రీ, ఫ్రాంక్ అను ఇద్దరు కుమారులు, మరి కొందరు. పెద్దవానికే పదేండ్లు దాటినవి, అంతే. పిల్లలకు చదువు చెప్పుటకు వెంట వచ్చినవాడు జాన్ కిట్టో. అతడు పండ్రెండేండ్ల వయసున ఇంటికప్పు మీదనుండి పడి బొత్తిగా చెవిటివాడాయెను. తరువాతి కాలమున బైబిలు దేశములను గూర్చి గొప్ప గ్రంథములు వ్రాసిన కిట్టో ఇతడే.

సెంట్ పీటర్స్‌బర్గు, మాస్కో, అస్త్రఖాను మీదుగా రుష్యా దేశము దాటి, కాకసస్ పర్వతములెక్కి టిఫ్లిసు, షూషా చేరిరి. షూషాలోని బాసెల్ మిషను వారిలో ఫాండర్ అను పండితుడు వారితో కలిసెను. అక్కడనుండి పారసీక దేశపు తబ్రీజునకు పోయిరి.

అసలు కష్టము తబ్రీజు దాటిన తరువాతనే. బాగ్దాదు వరకు నేరుగా గీత గీచినను సుమారు 350 మైళ్లు. జాగ్రోస్ పర్వతములు పొలము గట్లవలె ఒకదాని వెనుక ఒకటి అడ్డముగా పడియున్నవి. ప్రతి వరుసను ఎక్కవలెను, దిగవలెను. పది వేల అడుగులు మించిన శిఖరములు వాటిలో గలవు. ఆ త్రోవన బండి నడవదు. కంచరగాడిదలు, గుఱ్ఱములే శరణ్యము. ఊట యున్నచోటనే మజిలీ. అది కుర్దుల సీమ, రెండు రాజ్యముల సరిహద్దు. రాజుల ఆజ్ఞ కంటె స్థానిక నాయకుల మాటయే అక్కడ చెల్లెడిది. చలికాలము ముంచుకొని వచ్చుచున్నది. కొండలు దిగిన పిమ్మట ఎండిన మిట్టలు, ఎడారి నేల. డిసెంబరు 6న బాగ్దాదు చేరిరి. ఇల్లు విడిచి దాదాపు ఆరు నెలలు.

ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయము చదువువారికి ఈ దేశము క్రొత్త కాదు. బబులోను నుండి బయలుదేరిన ఎజ్రా, రాజును సైనికులనడుగ సిగ్గుపడి, అహవా నదియొద్ద ఉపవాసముండి, తమ కొరకును తమ చిన్నపిల్లల కొరకును మంచి త్రోవ నిమ్మని దేవుని వేడెను. పిల్లల మాట అచ్చట ప్రత్యేకముగా వ్రాయబడియున్నది. మేము తండ్రులముగా చదివినప్పుడు అక్కడనే ఆగిపోవుచున్నాము. గ్రోవ్స్ దొర చేసినది విశ్వాసమా, సాహసమా? ఎజ్రా పిల్లలు క్షేమముగా చేరిరి. బాగ్దాదులో అట్లు జరుగలేదు.

1831లో ఆ నగరమున మహామారి తెగులు పుట్టెను. బస్రాకు పోవుటకు అవకాశము కలిగినను వారు కదలలేదు. అంతలో టైగ్రిస్ నది పొంగి ప్రాకారమును కూల్చెను. వేల ఇండ్లు నేలమట్టమాయెను. గట్టు తెగిన రాత్రి ఎట్టిదో మన కోనసీమవారికి ఒకరు చెప్పనక్కర లేదు. మే 14న దొరసానిగారు తెగులుతో ప్రభువునందు నిద్రించిరి. బాగ్దాదులో పుట్టిన ఆడబిడ్డయు ఆ యేడే పోయెను. వెనువెంటనే నగరమునకు ముట్టడి వచ్చెను. ఇన్ని బాధలకు తగినంత ఫలము అక్కడ ఆయనకు కనబడలేదు.

1833లో ఇండియాకు తిరిగి వచ్చుచు బాగ్దాదు మీదుగా పోవుచున్న ఒక ఇంజనీరుతో కలిసి ఆయన బొంబాయికి ప్రయాణమాయెను. ఆ ఇంజనీరు మరెవరో కాదు, తరువాత ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరగారే! ఇండియాలో సువార్త అవసరతను చూచి గ్రోవ్స్ దొర ఇంగ్లండునకు పోయి, 1836లో మరల వచ్చునప్పుడు బార్న్‌స్టేపులు సంఘమునుండి రాతిపనివాడైన విలియం బౌడెనును, చెప్పులు కుట్టు జార్జి బీరును, వారి భార్యలతో వెంటబెట్టుకొని వచ్చెను. గోదావరి డెల్టా మిషనునకు మొదటివారు వీరే. వారు నిలిచిన నర్సాపురమునకు ఎదురుగా, వసిష్ఠకు ఆవలి గట్టున నున్నది మన రాజోలు సీమయే.

గ్రోవ్స్ దొర మాత్రము చిత్తూరులో నిలిచి, వ్యవసాయముతో మిషను పోషించుకొనవలెనని చూచి అప్పులపాలాయెను. లోభము వద్దని వ్రాసినవాడు లెక్కల చేత నలిగిపోవుట చూడ మాకు జాలి కలుగుచున్నది. 1853 మే 20న బ్రిస్టలులో, తన చెల్లెలిని పెండ్లాడిన జార్జి ముల్లరుగారి యింట, 58వ యేట ఆయన కన్నుమూసెను.

కొండలు దాటిన ఆ పిల్లలిద్దరును తెగులునుండి బ్రతికిరి. పెద్దవాడైన హెన్రీ 1872లో మరియొక సహోదరునితో కలిసి, దూరదేశములలోని మిషనెరీల ఉత్తరములను ప్రకటించు పత్రిక నొకదానిని స్థాపించెను.