తిండి ఒంటబట్టని జబ్బుపై యల్లాప్రగడ పోరు

రెండు రోజులు అన్నం సయించకపోతే చాలు, మన బనగానపల్లె వైపు చాలామంది గ్లూకోజు సీసా ఎక్కించమంటారు. నోటితో తిన్నదానికన్నా నరానికి ఎక్కించిందే బలమని నమ్మకం. యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం తెలిస్తే పోషణ అంటే ఏమిటో మీకే అర్థమవుతుంది.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. సంగ్రహణి జబ్బు ఆయన సోదరులిద్దరినీ పొట్టన పెట్టుకుంది. తిన్నది పేగులకు పట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. మామగారి సాయంతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చదివారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో చిన్న పనులూ చేశారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోనే వచ్చింది. 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు. ఉష్ణదేశాల సంగ్రహణికి ఇప్పటికీ మేం ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్‌లే.

పేగులు అసలే పనిచేయని రోగికి పూర్తి ఆహారాన్ని పెద్ద సిర ద్వారా ఇచ్చే విధానం 1960ల చివర్లో అమెరికాలో స్థిరపడింది. అది ప్రాణాలు నిలుపుతుంది. కానీ వారాల తరబడి సాగితే ఇబ్బందులున్నాయి. నోట్లోకి ముద్ద వెళ్లకపోతే పిత్తాశయం ముడుచుకోదు. పైత్యరసం నిలిచి చిక్కబడి, రాళ్లు కడుతుంది. గ్లూకోజు మోతాదు మించితే కాలేయంలో కొవ్వు చేరుతుంది. నెలలు నిండని పసికందుల్లో పైత్యరసం పారక కామెర్లు రావచ్చు. బాగా చిక్కిన మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పోషణ ఇస్తే ఫాస్ఫరస్ పడిపోయి గుండెకు, ఊపిరికి ముప్పు. సుబ్బారావు గారు కొలవడం నేర్పిన ఫాస్ఫరస్ ఇదే.

అందుకే ఇలాంటి రోగికి కాలేయ పరీక్షలు, లవణాల పరీక్షలు తరచూ చేయిస్తాం. పేగులు కాస్త కోలుకోగానే నోటితోనో, ముక్కు గొట్టంతోనో కొద్దికొద్దిగా ఆహారం మొదలుపెడతాం. ఆ కొద్దిపాటి ఆహారమే పిత్తాశయాన్ని కదిలిస్తుంది. ఇంట్లో మీవాళ్లకు ఇలాంటి పోషణ నడుస్తుంటే కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం, కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

మామూలు గ్లూకోజు సీసా పూర్తి ఆహారం కానే కాదు. అర లీటరు 5 శాతం గ్లూకోజులో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే 100 క్యాలరీల లోపే. రెండు ఇడ్లీలపాటి శక్తి! మాంసకృత్తులు, విటమిన్లు అందులో ఉండవు. మింగగలిగి, డాక్టరు వద్దనకపోతే గంజి, మజ్జిగ, మెత్తటి పప్పన్నం పెట్టండి. పేగులు పనిచేస్తున్నంత కాలం నోటి తిండికి సాటి లేదు.