లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

రేపు వాన కురియునా యని ఆకసము వైపు చూచుట మానవునకు అనాదిగా నలవాటు. రైతు మబ్బు రంగును, గాలి వాలును బట్టి వానను ఊహించుచుండును. అట్టి ఊహకు మారుగా గణితముచేతనే రేపటి వాతావరణమును తెలిసికొనవచ్చునని నమ్మి, తొలి లెక్క వేసినవాడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

ఇతడు 1881లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగరమున క్వేకరు కుటుంబమున జన్మించెను. యుద్ధము తగదని నమ్మెడి క్రైస్తవ శాఖవారే క్వేకర్లు. కేంబ్రిడ్జిలో చదివి, 1913లో వాతావరణ శాఖలో చేరి, స్కాట్లండునందలి ఎస్క్‌డేల్‌మూర్ పరిశోధనాలయమునకు అధికారి యయ్యెను.

అతని పద్ధతి యిది. భూమిని చదరంగపు బల్లవలె గళ్లుగా విభజింపవలెను. ప్రతి గడిపైనున్న గాలిని అయిదు అంతస్తులుగా భావింపవలెను. ఇప్పటి పీడనము, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగము తెలిసినచో, భౌతికశాస్త్ర సూత్రములచే కొన్ని గంటల తరువాతి స్థితిని గణింపవచ్చును. గాలిని మాత్రమే లెక్కించిన చాలదని అతడు గ్రహించుట విశేషము. మట్టిలో నీరెట్లు కదలును, నేల యెంత వేడెక్కును, ఆకులనుండి తేమ యెంత ఆవిరియగును అనునవియు అతని లెక్కలో చేరెను. తడినేల మీది గాలియు, ఎండిన నేల మీది గాలియు ఒక్కటి కావు గదా!

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఆయుధము పట్టుటకు మనసొప్పలేదు; ఊరక కూర్చుండుటకును ఒప్పలేదు. 1916లో ఉద్యోగము వదలి, ఫ్రాన్సు యుద్ధభూమిలో గాయపడినవారిని చేరవేయు బండిని నడుపబోయెను. విశ్రాంతి దొరికినపుడు, చలిలో, గడ్డికుప్పయే కచేరిగా లెక్కలు వేసెను. 1910 మే 20వ తేదీ ఉదయపు కొలతలను గైకొని, జర్మనీలో ఆరు గంటలలో పీడనమెంత మారునో గణించెను. ఆ ఆరు గంటల లెక్కకు ఇంచుమించు ఆరు వారములు పట్టెను! 1917లో షాంపేన్ పోరాట సమయమున వ్రాతప్రతి కనబడకపోయి, కొన్ని నెలలకు బెల్జియమునందు బొగ్గుకుప్ప క్రింద దొరికెను.

తుదకు తేలినదేమి? పీడనము 145 మిల్లీబారులు పెరుగునని తేలెను. పెనుతుపానులో సైతము ఆరు గంటలలో అంత పెరుగుట కానరాదు. నిజమునకు ఆనాడు పీడనము ఇంచుమించు మారనేలేదు. ఆ కాగితములను చింపివేసినచో అడుగువారెవరు? రిచర్డ్‌సన్ అట్లు చేయలేదు. 1922లో ప్రకటించిన గ్రంథమున అంకెలన్నియు ఉన్నవున్నట్లు చూపి, దోషము తొలి గాలి కొలతలలో నున్నదని తెలిపెను. ప్రపంచ వాతావరణమును ఎప్పటికప్పుడు గణించుటకు 64,000 మంది గణకులు ఒక మహామందిరమున కూర్చుండి పనిచేయు దృశ్యమును గూడ అందు ఊహించి వ్రాసెను.

అంతకు రెండేండ్ల ముందే, యుద్ధానంతరము తాను తిరిగి చేరిన వాతావరణ శాఖ వైమానిక మంత్రిత్వ శాఖ క్రిందికి పోగా, సైనికాధికారము క్రింద పనిచేయ నొల్లక కొలువు మరల విడిచెను. పిమ్మట అధ్యాపకుడై జీవించెను. యుద్ధములకు గల కారణములను సైతము గణితముతో వెదకెను.

1950లో అమెరికాయందు చార్నీ మొదలగువారు ఎనియాక్ అను కంప్యూటరుతో వాతావరణమును గణించి కృతార్థులైరి. ఆ ఫలితములను వృద్ధుడైన రిచర్డ్‌సన్‌కు పంపగా, అతడు వారిని అభినందించెను. 1953లో స్కాట్లండున కన్నుమూసెను. చాలకాలమునకు శాస్త్రజ్ఞులు అతని లెక్కను మరల వేసి చూచిరి. తొలి కొలతలలోని పొందికలేమిని సరిచేయగా, 145 మిల్లీబారులకు మారుగా ఒక మిల్లీబారు కంటె తక్కువ మార్పు వచ్చెను.