గాజు పలక నుంచి ఫిలిం చుట్టకు: శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడు జీవిత విశేషాలు

తెలుగు చలనచిత్ర పితామహుడిగా ప్రఖ్యాతి గాంచిన శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడు 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించారు. కొన్ని రచనలలో ఆయన జన్మ సంవత్సరం 1887గా కనిపిస్తుంది. కుమారుడు శ్రీ రఘుపతి సూర్యప్రకాశ్ 1901లో జన్మించినందున ఆ లెక్క పొసగదు. ఆయనపై వార్తలు, వ్యాసాలు రాసే పాత్రికేయులు ఈ అంశాన్ని గమనించవలసి ఉన్నది.

బందరు ఆనాడు కోలుకుంటున్న పట్టణం. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి విరుచుకుపడిన ఉప్పెన వేలాది మందిని పొట్టనబెట్టుకున్నది. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కృష్ణా డెల్టా పైరుపచ్చలతో కళకళలాడుతున్నప్పటికీ, రేవుపట్టణంగా బందరు ప్రాభవం తగ్గుముఖం పట్టింది. చిత్రకళపై మక్కువ గల వెంకయ్య యౌవనంలోనే మద్రాసు చేరి, చిత్రకారునిగా, ఛాయాచిత్రకారునిగా స్థిరపడి, సొంత స్టూడియో నెలకొల్పుకొన్నారు.

నాటి ఛాయాచిత్రకారుని పని అంతా గాజు పలకపైనే సాగేది. రసాయనం పూసిన పలకను చీకటిలో పెట్టెకెమెరాలో అమర్చి, పైకప్పు గాజుల గుండా వచ్చే పగటి వెలుగులో బొమ్మ తీసేవారు. ఒక పలకకు ఒక బొమ్మ. చెయ్యి తిరిగిన పనివాడు ఆ పలకపైనే కుంచెతో మెరుగులు దిద్దేవాడు. చలనచిత్రం వచ్చేసరికి ఈ అలవాట్లలో కొన్ని అక్కరకు వచ్చాయి, కొన్ని అడ్డయ్యాయి. వెంకయ్య సాధనను అంచనా వేయాలంటే ఈ మార్పును అర్థం చేసుకోవాలి. ఆయనను తొలి ప్రదర్శకునిగా, తొలి నిర్మాతగా మాత్రమే పేర్కొనడం పరిపాటి. ఒక పరికరంపై జీవనం స్థిరపడిన మనిషి నడివయసులో మరో పరికరానికి మారిన తీరు అంతకంటె విశేషమైనది.

1910 ప్రాంతంలో ఆయన తన స్టూడియోను తాకట్టు పెట్టి, సుమారు 30,000 రూపాయలు వెచ్చించి క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని, దానితోపాటు కొన్ని లఘుచిత్రాలను కొనుగోలు చేశారు. ఫ్రాన్సుకు చెందిన గోమాఁ సంస్థ రూపొందించిన ఈ ఏర్పాటులో బొమ్మను చూపే యంత్రం వేరు, శబ్దాన్నిచ్చే గ్రామఫోను వేరు. రెండింటినీ విద్యుత్తుతో అనుసంధానించి ఒకే వేగంతో నడిపేవారు. శబ్దం సభ అంతటా వినిపించడానికి గాలిపీడనాన్ని ఉపయోగించేవారు. రికార్డు నిడివి కొద్ది నిమిషాలే గనుక చిత్రం కూడా అంతే. ఫిలిం ఎక్కడైనా తెగి నాలుగు బొమ్మలు పోతే, అక్కడినుంచి పెదవుల కదలిక ఒకచోట, పాట మరొకచోట! ఇటువంటి యంత్రంతో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో, డేరాలలో ప్రదర్శనలిచ్చి, సింహళానికి, బర్మాకు కూడా తీసుకువెళ్ళడం సామాన్యమైన సాహసం కాదు.

అనంతరం మద్రాసులో గెయిటీ థియేటరును నిర్మించారు. భారతీయుడు సొంతంగా ఆ నగరంలో కట్టించిన తొలి సినిమా హాలుగా దానికి గుర్తింపు ఉన్నది. క్రౌన్, గ్లోబ్ థియేటర్లు ఆ తరువాతివి. పరాయి దేశపు చిత్రాలనే ఎంతకాలం చూపడమనే ఆలోచన ఆయనను నిర్మాణం వైపు నడిపించింది. కుమారుడు ప్రకాశ్‌ను చలనచిత్ర విద్య కోసం ఇంగ్లండు పంపారు. లండను శివార్లలోని ఈలింగ్‌లో ఉన్న బార్కర్ సంస్థలో ఆయన శిక్షణ పొందారు. తిరిగివచ్చిన పిమ్మట తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించి, గాజు కప్పుతో స్టూడియో నిర్మించారు. ఛాయాచిత్రకారుని పాత గది పెద్దదై సినిమా స్టూడియో అయిందన్నమాట.

వెలుగు పాతదే. మిగిలినదంతా కొత్త. పలక స్థానంలో 35 మి.మీ. వెడల్పు గల, అంచులలో రంధ్రాలున్న ఫిలిం వచ్చింది. అడుగు ఫిలింలో 16 బొమ్మలు. కెమెరా పిడిని సెకనుకు రెండు చుట్లు చేతితో తిప్పితే 16 బొమ్మలు నమోదవుతాయి. ఆ లెక్కన వెయ్యి అడుగులు పదహారు నిమిషాల పైచిలుకు నడుస్తుంది. చెయ్యి తడబడితే పాత్ర నడక తడబడినట్లే. పలకను పళ్ళెంలో కడిగిన చేతులు ఇప్పుడు పొడవాటి ఫిలింను కొయ్య చట్రాలకు చుట్టి తొట్లలో ముంచాలి. బొమ్మ తరువాత బొమ్మకు మెరుగులు దిద్దే అవకాశం లేదు. తీసినదే తుది రూపం.

ఈ పరిస్థితులలో 1921లో భీష్మ ప్రతిజ్ఞ మూకీ చిత్రం వెలువడింది. ప్రకాశ్ దర్శకత్వం వహించి, భీష్ముని పాత్రను తానే పోషించారు. గంగ పాత్రను పెగ్గీ కాస్టెల్లో ధరించారు. మాటలు లేని చిత్రానికి భాష ఏమిటన్న ప్రశ్న సహేతుకమే. అయినా తెలుగువారు నిర్మించిన తొలి కథాచిత్రంగా దాని స్థానం చెక్కుచెదరదు. అదే సంవత్సరం విజయవాడలో శ్రీ పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలును నెలకొల్పడంతో కృష్ణా తీరానికి శాశ్వత ప్రదర్శనశాల ఏర్పడింది. వెంకయ్య సంస్థలో పని నేర్చినవారిలో శ్రీ సి. పుల్లయ్య ఒకరు.

అయితే ఫిలిం రూపం మరోసారి మారింది. టాకీలు వచ్చాక శబ్దాన్ని ఫిలిం అంచునే ముద్రించసాగారు. ఆ శబ్దరేఖకు చోటివ్వడానికి దాదాపు 25 మి.మీ. ఉన్న బొమ్మ వెడల్పును 22 మి.మీ.కు తగ్గించారు. వేగం సెకనుకు 24 బొమ్మలకు పెరిగింది. పాత మూకీ కెమెరాను టాకీకి వాడుకోవాలంటే కిటికీకి చిన్న చట్రం బిగించాలి, కటకాన్ని కొత్త బొమ్మ మధ్యకు జరపాలి, చేతిపిడి తీసి నిలకడగా తిరిగే మోటారు అమర్చాలి, దాని రొద మైకుకు సోకకుండా కెమెరాను కప్పాలి. థియేటర్లలోనూ యంత్రాలు మార్చవలసిందే. వీటన్నిటికీ పెట్టుబడి కావాలి. ఇరవై ఏళ్ళ క్రితమే బొమ్మను, శబ్దాన్ని జోడించిన యంత్రానికి ఆస్తి ఒడ్డిన వెంకయ్య, బొమ్మా శబ్దమూ ఒకే ఫిలింపైకి చేరేనాటికి ఆర్థికంగా చితికిపోయారు. థియేటర్లు చేజారాయి.

1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో ఆయన ప్రమేయం లేదు. ఆ మార్పును అందుకొన్నది కుమారుడు. ప్రకాశ్ దర్శకత్వంలో 1940లో బారిష్టర్ పార్వతీశం, చండిక టాకీలు వచ్చాయి. వెంకయ్య 1941 మార్చి 15న పరమపదించారు. ప్రకాశ్ 1956లో కన్నుమూశారు.

భీష్మ ప్రతిజ్ఞ ప్రతి ఏదీ నేడు లభ్యం కావడం లేదు. ఆనాటి నైట్రేట్ ఫిలిం ఇట్టే అంటుకునేది, అంటుకోకపోయినా కాలక్రమంలో జిగురై, పొడియై రాలిపోయేది. వెంకయ్య వదిలివచ్చిన గాజు పలకలే ఇంతకంటె మన్నిక గలవి.

ఆయన స్మృతికి గుర్తుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో రఘుపతి వెంకయ్య పురస్కారాన్ని నెలకొల్పింది. తొలి పురస్కారాన్ని ఏలూరు ప్రాంతంలో జన్మించి, తొలి భారతీయ టాకీ ఆలం ఆరాలోను, భక్త ప్రహ్లాదలోను నటించిన శ్రీ ఎల్.వి. ప్రసాద్ అందుకొన్నారు.