జ్ఞానయాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్

తెలుగునేలపై బౌద్ధం స్థితిని కళ్లారా చూసి గ్రంథస్థం చేసిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్. ఆయన క్రీ.శ. 602 ప్రాంతంలో జన్మించి, బాల్యంలోనే సన్యసించాడు. తమ దేశంలోని బౌద్ధ గ్రంథాల అనువాదాలు పరస్పర విరుద్ధంగా ఉండటంతో, మూలగ్రంథాల కోసం భారతదేశానికి పయనమయ్యాడు. దేశం విడువరాదన్న రాజాజ్ఞను లెక్కచేయక ఒంటరిగా ఎడారి దాటాడు. దారిలో నీటితిత్తి ఒలికిపోయి రోజుల తరబడి దాహంతో అలమటించినా తన సంకల్పాన్ని వీడలేదు.

నలందలో శీలభద్రుని వద్ద విద్యనభ్యసించిన పిమ్మట దక్షిణాపథానికి వచ్చి, 639 ప్రాంతంలో ధాన్యకటకం చేరాడు. నేటి అమరావతి, ధరణికోటల సీమయే అది. అప్పటికే అక్కడి విహారాలలో అధికభాగం పాడుబడి, సుమారు ఇరవై మాత్రమే మిగిలి ఉన్నాయి. సూర్యాపేట ప్రాంతంలోని ఫణిగిరి వైభవం అంతకు ముందే అస్తమించింది. అయినా విద్య అంతరించలేదు. సుభూతి, సూర్యుడు అనే అక్కడి భిక్షువుల చెంత ఆయన కొన్ని నెలలు నివసించి, మహాసాంఘికుల అభిధర్మ గ్రంథాలను నేర్చుకున్నాడు. వారికి మహాయాన శాస్త్రాలను బోధించాడు. ఒకరికొకరు గురువులై, శిష్యులై, ఆ ముగ్గురూ కలిసి పుణ్యస్థలాలను దర్శించారు.

645లో ఆయన 657 గ్రంథాలతో రాజధాని చాంగాన్ చేరాడు. 664లో మరణించేవరకు అనువాదంలోనే నిమగ్నుడై, సుమారు 75 గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. మన దేశంలో మూలం నశించిన గ్రంథాలెన్నో ఆ అనువాదాలలో నేటికీ జీవించి ఉన్నాయి.

ఫణిగిరి కొండనెక్కి శిథిల స్తూపాన్ని, విహారాలను చూసే విద్యార్థులు ఈ యాత్రికుని స్మరించాలి. కట్టడాలు కూలినా, ఇచ్చిపుచ్చుకున్న విద్య నిలుస్తుందని ఆయన జీవితం చాటుతున్నది.