రక్తనాళాలను కుట్టిన వైద్యుడు – అలెక్సిస్ కారెల్

పైరుకు కాలువలెంతటివో శరీరానికి రక్తనాళాలంతటివి. కాలువకు గండిపడితే పైరు ఎండుతుంది. ధమని తెగితే ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. తెగిన నాళాన్ని దారంతో ముడివేసి రక్తస్రావాన్ని ఆపే విద్య వైద్యులకు శతాబ్దాలుగా తెలుసు. కాని ఆ ముడితో నాళం శాశ్వతంగా మూసుకుపోయేది. రక్తమందని అవయవాన్ని చాలాసార్లు తొలగించవలసి వచ్చేది. తెగిన నాళపు కొసలను తిరిగి కలిపి, రక్తప్రవాహం యథాప్రకారం సాగేటట్లు చేయడానికి నమ్మదగిన పద్ధతిని రూపొందించిన శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్.

కారెల్ 1873 జూన్ 28న ఫ్రాన్సు దేశంలో, పట్టు పరిశ్రమకు పేరుగాంచిన లియోన్ నగర సమీపాన జన్మించాడు. తండ్రి వస్త్రాల ఉత్పత్తిదారు. ఐదేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయిన కారెల్ తల్లి సంరక్షణలో పెరిగి, లియోన్‌లోనే వైద్యవిద్య అభ్యసించాడు.

1894 జూన్ 24న ఆ నగరానికి వచ్చిన ఫ్రాన్సు అధ్యక్షుడు సాడీ కార్నోను ఒక అరాచకవాది కత్తితో పొడిచాడు. కాలేయానికి రక్తాన్ని చేర్చే పెద్ద సిర తెగిపోయింది. పేరుమోసిన వైద్యులు చుట్టూ ఉండి కూడా దానిని అతకలేకపోయారు. కొద్ది గంటలలోనే అధ్యక్షుడు కన్నుమూశాడు. ఈ సంఘటన యువకుడైన కారెల్ హృదయంలో గాఢంగా నాటుకొంది. రక్తనాళాన్ని కుట్టే మార్గం ఉండి తీరాలని ఆయన భావించాడు.

ఆ మార్గాన్ని ఆయన వైద్యగ్రంథాలలో మాత్రమే వెదకలేదు. వస్త్రాలపై పూలు, లతలు తీర్చడంలో నిపుణురాలైన లెరూదియే అనే మహిళ వద్ద సన్నని సూదిపనిని శ్రద్ధగా నేర్చుకొన్నాడు. నాళాన్ని కుట్టడంలో చిక్కులు రెండు. లావైన సూది చేసిన రంధ్రాల గుండా రక్తం కారుతుంది; లోపలి పొర గాయపడితే రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. అందుకు ఆయన అతి సన్నని సూదులను, వాజిలైన్ పూసిన పట్టుదారాలను ఉపయోగించాడు. తెగిన రెండు కొసలను సమాన దూరంలో మూడు కుట్లతో కలిపి, ఆ దారాలను మెల్లగా లాగేవాడు. గుండ్రని అంచు త్రికోణంగా మారేది. అప్పుడు ఒక్కొక్క భుజాన్ని తిన్నగా కుట్టడం సులభమయ్యేది. ఈ పద్ధతిని ఆయన 1902లో ప్రకటించాడు.

స్వస్థలంలో ఆశించిన పదవి లభించక కారెల్ 1904లో సముద్రం దాటాడు. చికాగోలో చార్లెస్ గత్రీతో కలిసి నాళాలను, అవయవాలను మార్చి అతికే ప్రయోగాలు చేశాడు. 1906లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధన సంస్థలో చేరాడు. 1908లో ఒక వైద్యుని పసికందు ఆగని రక్తస్రావంతో మృత్యుముఖంలో ఉన్నప్పుడు, తండ్రి ముంజేతి ధమనిని శిశువు కాలిలోని సిరకు కలిపి కుట్టాడు. తండ్రి రక్తం బిడ్డలోకి ప్రవహించింది, బిడ్డ బతికింది. 1912లో కారెల్‌ను వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వరించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రసాయన శాస్త్రవేత్త డేకిన్‌తో కలిసి, చీముపట్టిన గాయాలను మందునీటితో శుద్ధిచేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

ఇంతటి ప్రతిభకు ఒక మచ్చ కూడా ఉంది. 1935లో వెలువరించిన గ్రంథంలో ఆయన మనుషులను మేలైనవారిగా, పనికిరానివారిగా విభజించాడు. కొందరు నేరస్థులను విషవాయువుతో అంతమొందించాలని కూడా సూచించాడు. 1941లో, జర్మనీ ఆక్రమణ కాలంలో, ఆ దేశానికి తలవంచిన ఫ్రెంచి ప్రభుత్వ ఆదరణతో ఒక సంస్థను నడిపాడు. 1944లో పారిస్ విముక్తమయ్యాక ఆ పదవిని కోల్పోయి, నవంబరు 5న మరణించాడు. లియోన్‌లో ఆయన పేరు పెట్టుకొన్న వైద్య విద్యాలయం 1996లో ఆ పేరును తొలగించుకొంది.

అయినా ఆయన కుట్టు నిలిచింది. 1948లో పారిస్‌లో మూసుకుపోయిన కాలి ధమనికి బదులుగా సిరను అతికి రక్తానికి దారి కల్పించిన చికిత్సకు, 1954లో బోస్టన్‌లో ఫలించిన మూత్రపిండ మార్పిడికి, 1967 తరువాత వ్యాప్తిచెందిన గుండె బైపాస్ చికిత్సకు ఆయన చూపిన విద్యే పునాది.

సూది పట్టిన స్త్రీ ముందు శిష్యుడై కూర్చున్న వినయం కారెల్‌ను మహావైద్యుణ్ణి చేసింది. తోటి మానవుని విలువను తానే నిర్ణయించగలనన్న అహంకారం ఆయన కీర్తిని మసకబార్చింది. విద్యకు వినయం, విజ్ఞానానికి కరుణ తోడు కావాలని ఈ జీవితం మనకు బోధిస్తున్నది.