ధర్మకర్తకు ఆదర్శము – ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారు

దేవుని సొత్తునకు కావలి యుండువానికి మన పెద్దలు పెట్టిన పేరు ధర్మకర్త. నేడు ట్రస్టీ యను మాటను దీనికి పర్యాయముగా వాడుచున్నారు గాని రెంటికిని భేదము కలదు. ఇంగ్లీషు న్యాయము ననుసరించి ట్రస్టీ పేరున ఆస్తి సంక్రమించును. దాని ఫలము మాత్రము ఇతరులది. దేవాలయమున నట్లు కాదు. అచ్చట ఆస్తికి యజమాని స్వామియే. ధర్మకర్త దానిని నిర్వహించువాడు మాత్రమే. 1921వ సంవత్సరమున లండనులోని ప్రీవీ కౌన్సిలు సయితము ఈ భేదమును గుర్తించినది. మఠాధిపతులును ధర్మకర్తలును ఇంగ్లీషు అర్థమున ట్రస్టీలు కాకపోయినను, సొత్తు చెడినచో సమాధానము చెప్పవలసినవారే యని ఆ తీర్పు సారాంశము. మన ధర్మశాస్త్రములు నిక్షేపమను పేరున ఒరులు నమ్మి దాచిన ధనమును గూర్చి విపులముగా విచారించినవి. తనది కాని దానిని తన దానికంటె ఎక్కువ జాగ్రత్తతో కాపాడి, అడిగిననాడు అప్పగించుట దాని ధర్మము.

ఈ ధర్మమును గ్రంథములలో చదువుటయే గాక బ్రదుకులో ఆచరించి చూపిన మహనీయుడు వావిలికొలను సుబ్బారావుగారు. ఆయన 1863వ సంవత్సరమున కడప మండలము జమ్మలమడుగున జన్మించిరి. ఆ సంవత్సరమునకు దేవాలయముల చరిత్రలోను విశేషము కలదు. 1817 నాటి ఏడవ రెగ్యులేషను మూలమున మదరాసు రాజధానిలోని దేవాలయముల ధర్మాదాయములు రెవెన్యూ బోర్డు పర్యవేక్షణ క్రింద నుండెను. 1863లో వెలువడిన ఇరువదవ చట్టముతో ప్రభుత్వము ఆ భారమును దించుకొని ధర్మకర్తలకును స్థానిక సంఘములకును అప్పగించినది. గుడి బాగోగులు ఇక ఆ కావలివాని మనస్సు మీదనే చాలవరకు ఆధారపడెను.

ఆయన పుట్టిన సీమయు సామాన్యమైనది కాదు. అది పూర్వపు రేనాడు. తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనది దొరకిన కలమళ్ళ అచ్చటిదే. అగస్త్యేశ్వరుని ప్రాచీనాలయముతో నొప్పు చిలమకూరు అచ్చటిదే. దానశాసనము లెల్లెడలను తుదిని ఒక హెచ్చరిక చెప్పుచుండును. తానిచ్చినదైనను, ఒరులిచ్చినదైనను, ధర్మమునకు విడిచిన దానిని హరించువానికి దుర్గతి తప్పదనియు, ఇచ్చుటకంటె ఇచ్చిన దానిని పాలించుట శ్రేయస్కరమనియు దాని తాత్పర్యము. దాత ఒకనాడు ఇచ్చి పోవును. పాలించువాడు ప్రతిదినమును ఆశను జయింపవలెను. అందుచేతనే పాలనమునకు అంతటి గౌరవము.

సుబ్బారావుగారు తొలుత ప్రొద్దుటూరు తాలూకా కచ్చేరీలో గుమాస్తాగా చేరి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పదవి వరకు వచ్చిరి. పరధనమును లెక్కించి పరులకు చెల్లించుట ఆ ఉద్యోగమున నిత్యకృత్యము. పిదప 1904లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులై, 1920 వరకు ఆ పదవిలో నుండిరి. ఈ లౌకిక వ్యాపారముల నడుమనే వాల్మీకి రామాయణమును మూలానుసారముగా తెలుగు పద్యములలోనికి తెచ్చి, ఒంటిమిట్ట కోదండరామునకు సమర్పించిరి. లోకము ఆయనను ఆంధ్రవాల్మీకి యని కొనియాడినది. అనంతరము ఆ రామాయణమునకు మందరమను పేరున విపులమైన వ్యాఖ్యయు రచించిరి.

ఆ రామాయణమున ధర్మకర్తలందఱకును గురువైనవాడు భరతుడు. రాజ్యము చేతికి వచ్చినను దానిని తనదిగా నెంచక, అన్నగారి పాదుకలను సింహాసనమున నిలిపి, నందిగ్రామమున జటావల్కలములతో పదునాలుగేండ్లు దానిని కాచెను. రాముడు మరలి వచ్చిననాడు రాజ్యమును ఒప్పగించుటతో ఊరకుండలేదు. బొక్కసమును, ధాన్యాగారమును, సైన్యమును చూచుకొనవలసినదిగా ప్రార్థించి, అంతయు పదిరెట్లు పెరిగినదనియు, అది రాముని తేజోమహిమయే యనియు విన్నవించెను. అడుగకముందే లెక్క చూపుట, పెరిగిన దానికి తాను కర్తనని చెప్పుకొనకుండుట అను రెండు గుణములును అచ్చట కలిసియున్నవి.

కడప నుండి రాజంపేటకు పోవు మార్గమున నున్నది ఒంటిమిట్ట. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసిన ఆ ఆలయమును 1652లో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే చూచి గోపుర వైభవమును మెచ్చుకొనెను. సుబ్బారావుగారి నాటికి ఆ వైభవము తగ్గి ఆలయము జీర్ణదశలో నుండెను. స్వామికి తన కావ్యమును సమర్పించిన కవి, స్వామి ఇల్లు శిథిలమగుచుండగా చూచి ఊరకుండలేకపోయెను. ఒక టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర భిక్షాటనము చేసెను. కళాశాలలో పెద్ద పండితుడని పేరొందినవాడు వీధివీధిని చేయి చాచుటకు ఎంత అహంకారమును విడువవలసియుండునో ఊహింపదగినది. అట్లు చేరిన ధనముతో ఆలయమును ఉద్ధరించిరి. ఆ చిప్పయందు ఆయనకెంత కృతజ్ఞత యనగా, దాని పేరున టెంకాయచిప్ప శతకమునే రచించిరి.

ఇచ్చట భద్రాచల రామదాసు చరిత్ర జ్ఞప్తికి రాక మానదు. కంచెర్ల గోపన్నయు రెవెన్యూ అధికారియే. ఆయనయు రామాలయమునకే ధనము వెచ్చించెను. కాని ఆ ధనము గోలకొండ ప్రభువు తానీషాకు చెల్లవలసిన పన్ను. అందువలన ఆ మహాభక్తునికి చెరసాల తప్పలేదు. ఆయన భక్తిని శంకించుటకు ఎవ్వరికిని అధికారము లేదు. అయినను మన పెద్దలు ఆ కథను ఎట్లు ముగించిరో గమనింపవలెను. రామలక్ష్మణులు స్వయముగా వచ్చి తానీషాకు పైకము చెల్లించి రసీదు పుచ్చుకొనిరని కదా ఐతిహ్యము! దైవకార్యమునకు వాడితినన్నంత మాత్రమున బాకీ రద్దు కాలేదు; స్వామియే దానిని తీర్చవలసివచ్చెను. ధర్మకార్యమునకును ధనము ధర్మమార్గముననే రావలెనని ఇందలి సూక్ష్మము. సుబ్బారావుగారు కోరినది ఇష్టపడి ఇచ్చువారి కానుకను మాత్రమే. టెంకాయచిప్పకు మూత లేదు. అందు పడినది అందఱికిని కనబడును.

తరువాతి కాలమున ఆయన వాసుదాసస్వామి యని ప్రసిద్ధులై, తెనాలి సమీపమున అంగలకుదురులో ఆశ్రమమును నెలకొల్పి, రామభక్తిని ప్రచారము చేసి, 1936లో పరమపదించిరి. ఆయన జీవితపు చివరి దశలోనే, 1925–27 సంవత్సరముల నడుమ, మదరాసు శాసనసభ హిందూ దేవాదాయ చట్టములను చేసి, ధర్మకర్తలపై విచారణకు ఒక మండలిని ఏర్పరచినది. ఒంటిమిట్ట ఆలయము 2015లో తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధీనమునకు వచ్చినది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీరామనవమి ఉత్సవములను అచ్చటనే జరిపించుచున్నది. నేడు లక్షలాది జనులు చూచు కల్యాణ వైభవమునకు వెనుక ఆ టెంకాయచిప్ప కలదు.

చట్టములు మాఱును, మండలులు మాఱును. లెక్కలు తనిఖీ చేయువారు సంవత్సరమున కొకసారి వత్తురు. గర్భాలయమున నున్న యజమాని మాత్రము నిత్యము చూచుచునే యుండును. ఉత్సవమునాడు ముందు వరుసలో నిలుచుట, పరివట్టము కట్టించుకొనుట ధర్మకర్తకు కలిగిన గౌరవములు. అవి స్వామి సేవకునికి చేయు మర్యాదలే గాని యజమానికి చేయునవి కావు. గుడి మెట్టు దిగునప్పుడు తన చేతిలో స్వామిది ఏదియు మిగిలియుండలేదని తన మనస్సునకు తాను చెప్పుకొనగలవాడే ధర్మకర్త.